గడ్డి కోర్టు వాళ్లది, అలికిన నేల మనది

ఆర్మూరు బస్టాండులో దిగి 'కోర్టు ఎక్కడ' అని అడిగి చూడండి. నల్లకోట్ల వకీళ్లు తిరిగే కోర్టుకే తోవ చూపిస్తారు. గట్టు పంచాయితీలో ఇరుక్కున్న రైతు ఏండ్లకేండ్లు వాయిదాలకు తిరిగే కోర్టు అది. బంతి, బ్యాటు పట్టుకొని పోయే కోర్టు ఇంకొకటి ఉంటుందనే ఊహ మన దగ్గర ఎవరికీ రాదు. రాకపోవడం మన తప్పు కాదు. రానీయకుండా నూటయాభై ఏండ్లు గోడలు కట్టినవాళ్ల తప్పు.

పచ్చిక మీద ఆడే టెన్నిస్ గురించి ఈ పేజీలో రాస్తే కొందరు మిత్రులు నవ్వుతారని మాకు తెలుసు. 'పసుపుకు ధర లేక రైతు మార్కెట్ యార్డుల కుప్ప పక్కన పండుకుంటుంటే మీకు టెన్నిస్ యాదికొచ్చిందా' అంటారు. నవ్వనీయండి. నీళ్లు ఎవరివి, నిధులు ఎవరివి, నియామకాలు ఎవరివి అని అడిగిన ప్రజలం మనం. మైదానం ఎవరిది అని మాత్రం ఎందుకు అడగొద్దు? ఆటకు సర్టిఫికెట్ ఉంది. సర్టిఫికెట్‌కు క్రీడా కోటా ఉంది. కోటాకు కాలేజీ సీటు ఉంది, సర్కారు కొలువు ఉంది. కోర్టు లేని ఊరి బిడ్డకు సర్టిఫికెట్ ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఇది బంతాట ముచ్చట కాదు. ఇది కూడా వాటా ముచ్చటే.

రోలరు కోసం పుట్టిన పోటీ

మొదలు చరిత్ర చూద్దాం. 1874లో ఇంగ్లండులో వింగ్‌ఫీల్డ్ అనే మేజరు ఈ లాన్ టెన్నిస్‌కు పేటెంటు తీసుకున్నాడు. మూడేండ్లకు, 1877లో, వింబుల్డన్‌లో మొదటి పోటీ జరిగింది. ఆడింది 22 మంది మగవాళ్లు. ఎందుకు పెట్టారు ఆ పోటీ? గడ్డిని చదును చేసే రోలరు చెడిపోతే దాన్ని బాగు చేయించడానికి పైసలు కావాలని! ఈనాడు ప్రపంచమంతా టీవీల ముందు కూర్చొని చూసే పోటీకి మూలం ఒక రోలరు మరమ్మతు. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. పోటీలు ఆకాశం నుంచి ఊడిపడవు. జాగ ఉన్నోడు, ఆ జాగను కాపాడుకోవాలనుకున్నోడు పోటీ పెడతాడు.

ఆ గడ్డి దొరల వెంట పడవెక్కి మన దేశానికి వచ్చింది. 1885లో లాహోరులో పంజాబు పోటీ. 1887లో కలకత్తాలో బెంగాలు పోటీ. 1910లో అలహాబాదులో అఖిల భారత పోటీ. 1920లో అఖిల భారత సంఘం పుట్టింది, అదే ఏడాది కలకత్తాలో సౌత్ క్లబ్ వెలిసింది. ఈ ఊర్ల వరుస చూస్తే ఏం కనబడుతుంది? ఎక్కడ తెల్లదొర పటాలం ఉందో, ఎక్కడ కొత్వాలు బంగళా ఉందో, ఎక్కడ హైకోర్టు జడ్జీలు సాయంత్రం పూట గాలికి తిరుగుతారో అక్కడే గడ్డి మొలిచింది.

మన దగ్గరా అంతే. 1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు అయింది. 1878లో సికింద్రాబాద్ క్లబ్, 1884లో నిజాం క్లబ్ వచ్చాయి. ఒకటి పటాలపోళ్ల కోసం, ఇంకొకటి నవాబులు, ఉన్నతోద్యోగుల కోసం. నిజామాబాదు జిల్లా రైతు కట్టిన శిస్తు రాజధానికి చేరింది. రాజధాని పచ్చిక మాత్రం జిల్లాకు రాలేదు.

గడ్డి కోర్టు అంటే ఏందో తెలుసా? వింబుల్డన్‌లో గడ్డిని సరిగ్గా 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అక్కడ వేసేది రై గడ్డి. మన ఎండలకు అది నిలవదు, మనకు గరికే దిక్కు. వినాయకుడి పూజకు మనం తెంపుకొచ్చే ఆ గరికే. కానీ దాన్ని కోర్టు చేయాలంటే పొద్దుమాపు నీళ్లు పట్టాలి, కోయాలి, రోలరు లాగాలి, కలుపు ఏరాలి, ఆడినన్ని రోజులు ఆడి మళ్లీ దాన్ని పండబెట్టాలి. పొలంలో కలుపు తీసినంత పని. తేడా ఒక్కటే, పంట రాదు. ఆ పని చేసిన మాలీ ఎవరు? రోలరు లాగింది ఎవరు? గోడ అవతలికి పోయిన బంతిని ఎండలో ఉరికి తెచ్చిన పిలగాడు ఎవరు? గడ్డి మీద మన కాలు పడింది. కానీ చెప్పులు విడిచి, తల వంచుకొని పడింది.

హాదీ పేరు ఎంతమందికి తెలుసు?

అయినా ఈ గడ్డ మీద ఆటగాళ్లు పుట్టకుండా ఆగలేదు. సయ్యద్ మహమ్మద్ హాదీ పేరు మీ బిడ్డల పాఠ్యపుస్తకంలో ఎన్నడన్నా చూశారా? 1899లో హైదరాబాదులో పుట్టినవాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున టెన్నిస్ ఆడాడు. డేవిస్ కప్ ఆడాడు. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైతే, ఆ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి సెంచరీ కొట్టింది హైదరాబాదు జట్టు హాదీయే. మద్రాసు మీద 132 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచాడు. ఏడు ఆటలు ఆడగలవాడని 'రెయిన్‌బో హాదీ' అని పిలిచారు. 1971లో కన్నుమూశాడు.

పక్క రాష్ట్రాల్లో ఇట్లాంటి మనిషి పుట్టి ఉంటే చౌరస్తాకొక విగ్రహం ఉండేది. 1956 తర్వాత మన చరిత్రను ఎవరు రాశారో, ఎవరి పేర్లు ఉంచారో, ఎవరివి తీసేశారో మనకు తెలియంది కాదు. నిజాం కాలమంటే ఒక చీకటి కొట్టు అని చెప్పి తలుపు మూశారు. ఆ చీకట్లో కాలిపోయిన రైతును యాది చేసుకోవాల్సిందే. వెట్టిని, రజాకార్లను మరవద్దు. కానీ ఆ తలుపు వెనుక హాదీని కూడా పెట్టి తాళం వేయడం ఏం న్యాయం?

అయితే ఇక్కడ మనల్ని మనం కూడా ఒక మాట అడుక్కోవాలి. హాదీ నవాబుల ఇంట పెరిగాడు, కేంబ్రిడ్జిలో చదివాడు. ఆ రోజుల్లో ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ దిక్కు ఇంకో హాదీ పుట్టలేదని ఎవరు చెప్పగలరు? పుట్టి ఉంటాడు. పసుపు తవ్వుతూనో, ఎడ్లను కాస్తూనో బతుకు ఎళ్లదీసి ఉంటాడు. మైదానం లేని చోట ఆటగాడు పుట్టినా ఎవరికీ కనబడడు.

సానియా నేర్చింది గడ్డి మీద కాదు

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2003లో వింబుల్డన్ పచ్చిక మీద అలీసా క్లెబనోవాతో కలిసి బాలికల డబుల్స్ గెలిచింది. 2015లో అదే పచ్చిక మీద మార్టినా హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ గెలిచింది. మరి ఆ బిడ్డ చిన్ననాడు ఆట నేర్చింది ఎక్కడ? ఏ గడ్డి మీద? గడ్డి కాదు. పేడతో అలికిన కోర్టుల మీద ఆడి పెరిగానని ఆమె స్వయంగా ఎన్నోసార్లు చెప్పింది.

పేడతో అలికిన నేల! ఆర్మూరు తల్లులారా, ఈ మాట విన్నారా? మీరు వాకిలి అలికినట్టు, మన రైతులు కల్లం అలికినట్టు, చదును చేసి, దిమ్మిస కొట్టి, పేడ కలిపిన నీళ్లు చల్లి చేసిన నేల మీద ఆడిన బిడ్డ, ప్రపంచంలోనే పేరుమోసిన పచ్చిక మీద కప్పు ఎత్తింది. గడ్డి కోర్టు లేనిది టెన్నిస్ రాదన్న పెద్దమనుషులకు ఇంతకు మించిన జవాబు ఏం కావాలి?

గడ్డి మోజు ప్రపంచానికే తీరిపోయింది. 1974 దాకా నాలుగు పెద్ద టోర్నీల్లో మూడు గడ్డి మీదనే. అమెరికా వాళ్లు 1975లో విడిచిపెట్టారు. ఆస్ట్రేలియా వాళ్లు 1988లో విడిచిపెట్టారు. ఇక మిగిలింది వింబుల్డన్ ఒక్కటే. మన దేశంలో కూడా విదేశీ జట్టును ఇబ్బంది పెట్టాలంటే తప్ప గడ్డి గుర్తుకు రాదు. 2019లో కలకత్తా సౌత్ క్లబ్‌లో ఇటలీని గడ్డి మీదకు పిలిచి 1-3తో ఓడాం. 2022లో ఢిల్లీ జింఖానాలో డెన్మార్క్‌ను పిలిచి 4-0తో గెలిచాం. గెలుపు ఓటములు అటుంచండి. ఆ రెండు చోట్లా గేటు బయటి మనిషికి ఆ గడ్డి మీద కాలు పెట్టే హక్కు ఉందా అన్నదే మా ప్రశ్న.

మూడేండ్ల ముచ్చట, 850 ఎకరాల ఆట

ఉమ్మడి రాష్ట్రంలో టెన్నిస్‌కు ఏమీ చేయలేదా అని ఎవరైనా అడగొచ్చు. చేశారు. ఎట్లా చేశారో చూడండి. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాదులో పెట్టారు. స్టేడియాలన్నీ రాజధాని చుట్టే లేచాయి. 2003లో హైదరాబాద్ ఓపెన్ అని మహిళల అంతర్జాతీయ టోర్నీ మొదలుపెట్టారు. గడ్డి కాదు, సిమెంటు లాంటి గట్టి కోర్టు. మొదటి ఏడాది థాయిలాండ్ అమ్మాయి తమరిన్ తనసుగర్న్ గెలిచింది. 2004లో ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో సానియా గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళ అయింది.

సొంత ఊరి బిడ్డ సొంత ఊర్ల గెలిచింది కదా, ఇక ఆ టోర్నీ వేళ్లూనుకొని ఉండాలి. ఉందా? 2006కల్లా బెంగుళూరు వెళ్లిపోయింది. మూడేండ్ల ముచ్చట! నూటనలభై ఏండ్లకు పైబడి వింబుల్డన్ నిలిచింది రోలరు మీద. మూడేండ్లకే హైదరాబాద్ ఓపెన్ ఎగిరిపోయింది ప్రచారం మీద. పోటీని కాపాడేది ఫోటో కాదు, నేల. ఆ నేల మీద రోజూ ఆడే పిల్లలు ఉంటే పోటీ ఎక్కడికీ పోదు.

నేల ఏమైంది మరి? అదే రోజుల్లో, 2003-04లో, క్రీడా అకాడమీల పేరు చెప్పి ఐ.ఎం.జీ. భారత అనే కంపెనీకి 850 ఎకరాలు కట్టబెట్టారు. గచ్చిబౌలిలో 400, మామిడిపల్లిలో 450. ఆటల పేరిట భూమి. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. కేసు ఏండ్ల తరబడి నడిచి, ఆ రద్దు సరైనదేనని 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. ఆ భూమి మళ్లీ ప్రజలదయిందని సంతోషపడేలోపే, అదే కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి 2025 మార్చిలో బుల్డోజర్లు వచ్చాయి. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమన్నది. అప్పుడు ఆట పేరు చెప్పారు, ఇప్పుడు ఐటీ పేరు చెప్పారు. పేరు మారింది, చూపు మారలేదు.

ఒక లెక్క చెప్తాం, రైతులు సరి చూసుకోండి. చుట్టూ ఉరికే జాగతో కలిపి ఒక టెన్నిస్ కోర్టుకు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావాలి. అంటే 7,200 చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగుల చొప్పున ఏడు గుంటలకు కొంచెం తక్కువే. 850 ఎకరాలంటే 34,000 గుంటలు. అందులో 4,800కు పైగా కోర్టులు పడతాయి. ఒక్క కంపెనీకి రాసిచ్చిన భూమిలో తెలంగాణ మండలాలన్నింటికీ కోర్టులు వేసినా ఇంకా జాగ మిగిలేది!

రాష్ట్రం వచ్చింది, మరి జాగ?

2014 జూన్ 2న మన రాష్ట్రం మనకొచ్చింది. రెండు నెలలు తిరగకముందే జూలైలో సానియాను తెలంగాణకు బ్రాండ్ అంబాసిడర్‌ను చేసి కోటి రూపాయలు ఇచ్చారు. ఆమెను 'పరాయి దేశపు కోడలు' అన్నవాళ్ల నోరు పాడు. ఆమె మన బిడ్డ. ఆ గౌరవానికి ఆమె తగినదే. కానీ మేము ప్రభుత్వాన్ని అడిగేది వేరు. కోటి రూపాయల చెక్కు ఫోటో పత్రికల్లో వచ్చిన రోజున, నిజామాబాదు జిల్లాలో సర్కారు బడి బిడ్డ టెన్నిస్ బ్యాటు పట్టుకోవడానికి ఒక్క కోర్టు చూపించారా? గెలిచినవాళ్లకు దండ వేయడం తేలిక. గెలవబోయే బిడ్డకు నేల ఇవ్వడమే పాలన.

2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. మంచి ఆలోచనే. ఊర్లలో తిరిగి చూసినం. ఒక స్వాగత తోరణం, దాని మీద రంగుల బోర్డు, రెండు ఇనుప కడ్డీలు, చుట్టూ పిచ్చి చెట్లు. కొన్నిచోట్ల ఆ జాగ శ్మశానం పక్కన, కొన్నిచోట్ల చెరువు శిఖంలో. సర్కారు మారింది. 2024లో క్రీడా విశ్వవిద్యాలయం అన్నారు. అదీ గచ్చిబౌలికే. రంగు మారిన ప్రతిసారి ఆట రాజధాని దాటి మేడ్చల్ టోల్‌గేటు వరకన్నా ఎందుకు రాదు?

మా జిల్లాలో సత్తువ లేక కాదు. నిఖత్ జరీన్ 2022లో, 2023లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో పతకాలు తెచ్చాడు. యెండల సౌందర్య హాకీలో దేశానికి ఆడింది. మాలావత్ పూర్ణ పదమూడేండ్లకే, 2014 మేలో, ఎవరెస్టు ఎక్కింది. అందరూ నిజామాబాదు జిల్లా బిడ్డలే. మరి టెన్నిస్‌లో ఒక్క పేరు ఎందుకు లేదు? గుద్దులాటకు ఒక సంచి, ఒక గురువు ఉంటే మొదలుపెట్టొచ్చు. కొండ ఎక్కడానికి కొండ ఉంది. హాకీకి బడి మైదానం ఉంది. టెన్నిస్ ఒక్కటే గేటు లోపల ఉండిపోయింది. గేటు తీసిన ఆటల్లో మనం ప్రపంచాన్ని గెలిచాం. గేటు మూసిన ఆటలో మనం లెక్కలోనే లేం.

ఏడు గుంటలు ఇవ్వండి

మా డిమాండు పచ్చిక కాదు. మాకు వింబుల్డన్ గడ్డి వద్దు, దానికి పొద్దుమాపు పోసే నీళ్లు మా పసుపుకు కావాలి. మాకు కావలసింది అలికిన నేల. పసుపు ఉడకబెట్టి ఆరబోసే కల్లాన్ని రాయి లేకుండా, గుంత లేకుండా చదును చేయడం మా రైతుకు ఎవరూ నేర్పక్కరలేదు. కొమ్ము, మండ పగలకుండా ఆరాలంటే నేల ఎట్లుండాలో ఆయనకు తెలుసు. ఆ చేతికి ఒక కొలత చెప్పండి, ఒక వల ఇవ్వండి. నడుమ మూడు అడుగుల ఎత్తు, గుంజల దగ్గర మూడున్నర. కోర్టు తయారు.

అందుకే అడుగుతున్నాం. జిల్లాలో ప్రతి మండల కేంద్రంలో సర్కారు బడి జాగలో ఏడు గుంటల కోర్టు వేయాలి. రాజధానిలో ప్రజల సొమ్ముతో కట్టిన టెన్నిస్ కోర్టుల్లో రోజూ పొద్దున రెండు గంటలు సర్కారు బడి, హాస్టలు పిల్లలకు పైసా లేకుండా ఇవ్వాలి. వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలు నింపాలి. గురువు లేని కోర్టు కూడా ఇంకో బోర్డే అవుతుంది. పసుపు అమ్ముడయ్యాక, విత్తనం పెట్టకముందు, వేసవి సెలవుల్లో ఆర్మూరులో ఏటా అలికిన నేల మీద ఒక టోర్నీ జరగాలి. దానికి హాదీ పేరు పెట్టాలి. ఉద్యోగ సంఘాలు తలా ఒక బ్యాటు ఇవ్వాలి. విద్యార్థి సంఘాలు గీతలు గీయాలి. సర్కారు ఇచ్చేదాకా ఆగడం మన అలవాటు కాదు. ఒక్క ఊర్ల ఒక్క కల్లం మీద మొదలుపెడితే చాలు.

ఇది జరిగేదేనా అంటారా? 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిజామాబాదులో నామినేషన్లు వేసినప్పుడు కూడా పెద్దలు నవ్వారు. మొత్తం 185 మంది అభ్యర్థులయ్యేసరికి ఓటింగు యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చి దేశమంతా ఇటు చూసింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో మొదలైంది. ధర వచ్చిందా, రైతు కడుపు నిండిందా అన్న కొట్లాట ఇంకా ఉంది. కానీ బోర్డు అనే మాట రైతు నోటి నుంచి పుట్టి ఢిల్లీని కదిలించింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మ కూడా కాదు.

ఒక రోలరు మరమ్మతు కోసం మొదలైన పోటీ ప్రపంచాన్ని ఏలుతున్నది. ఒక పేడ నేల మీద నేర్చిన బిడ్డ ఆ పోటీని గెలిచింది. ఈ రెండు నిజాల నడుమ తెలంగాణ పల్లె బిడ్డకు రావాల్సిన ఏడు గుంటలు దాగి ఉన్నాయి. వాటిని వెతికి తీసుకుందాం.

గడ్డి వాళ్లను ఏలుకోనీయండి. నేల మాది. మా నేల మీద మా బిడ్డలు ఆడి తీరాలి.